విశాఖలో రోజూ జేబులో ఉంచుకోవడానికి ఏ చాకు మంచిది?

మా మేనల్లుడికి గాజువాక ఆటోనగర్‌లో ఒక గోదాములో పని దొరికింది. లారీలోంచి దిగిన అట్టపెట్టెలు విప్పి, సరుకు లెక్క చూసుకుని, అరల్లో సర్దాలి. మొదటి పది రోజులు ఇంటి తాళంచెవితోనే టేపు చింపాడు. చెవి వంగిపోయాక నా దగ్గరికి వచ్చాడు. “మామయ్యా, జేబులో పెట్టుకునే చాకు ఒకటి కొనాలి. ఏది కొనమంటారు? దారిలో పోలీసులు ఆపినా ఇబ్బంది రానిది చెప్పండి” అన్నాడు.

నన్ను అడగడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్లుగా నా జేబులో ఏదో ఒక చాకు ఉంటూనే ఉంది. ఒకటి తుప్పు పట్టి పోయింది, ఒకటి గేటు దగ్గర పోయింది, ఒకటి ఇప్పటికీ ఉంది. వాడికి ఆ రోజు చెప్పిన సంగతులనే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఆత్మరక్షణ కోసం చాకు కొనాలనుకునేవారికి మాత్రం నేను ఏ చాకూ సూచించను. ఆ ఆలోచనతో జేబులో వేసుకున్న రోజునుంచి అది పనిముట్టు కాదు, ఆయుధం. అడిగినవారికి చెప్పుకునే సమాధానమూ మారిపోతుంది. గొడవలో చాకు బయటికి తీసినవారే ఎక్కువగా నష్టపోతారు. టేపు, తాడు, పండు, వైరు, మందుల అట్ట: ఈ పనులు ఉన్నవారి కోసమే ఈ వ్యాసం.

9 అంగుళాల మాట ఎంతవరకు నిజం

దుకాణంలో అడిగినా, తెలిసినవారిని అడిగినా ఒకే మాట వినిపిస్తుంది: తొమ్మిది అంగుళాల లోపు ఉంటే ఫర్వాలేదు. ఆ మాటకు ఆధారం ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 ఆయుధాల నియమావళిలో, మొదటి షెడ్యూలులోని ఐదో కేటగిరీలో, కత్తులు, బాకులు, బల్లేలు, గూర్ఖాల ఖుక్రీలు, సిక్కుల కిర్పాన్‌లు కనిపిస్తాయి. అలుగు (పిడి బయట ఉండే, కోసే రేకు) పొడవు 9 అంగుళాలు దాటినా, వెడల్పు 2 అంగుళాలు దాటినా ఆ లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర అవసరాలకు, పరిశ్రమలకు తయారైన వాటికి మినహాయింపు ఉంది. కొబ్బరి బొండాలు కొట్టే కత్తినీ, చేపలు కోసే కత్తినీ పనిముట్లుగా చూసేది అందుకే.

కానీ 9 అంగుళాలంటే దాదాపు 23 సెంటీమీటర్లు. వంటింట్లో కూరగాయలు తరిగే చాకుకు కూడా సాధారణంగా అంత అలుగు ఉండదు. జేబులో పట్టే చాకులన్నీ ఈ గీతకు ఎంతో ఇవతలే ఉంటాయి కాబట్టి, ఏది కొనాలో తేల్చుకోవడానికి ఈ కొలత పనికిరాదు. పైగా అదే చట్టం ‘ఆయుధం’ అనే మాటకు అర్థం చెప్పేటప్పుడు కొలబద్ద పట్టుకోలేదు. దాడికో రక్షణకో ఆయుధంగా రూపొందించినదీ, అలా మలచుకున్నదీ ఆయుధమే అంది. ఇంటికీ సేద్యానికీ మాత్రమే తయారైన వస్తువులు కావంది. లాఠీ, మామూలు చేతికర్ర అని ఉదాహరణలు కూడా అక్కడే ఇచ్చింది. చిన్నదైనా సరే, పొడవడానికే పుట్టినట్టుండే బాకును “పండ్లు కోసుకుంటాను” అని సమర్థించుకోవడం కష్టం.

ఇక ఊరి లెక్కలు వేరు. కొన్ని ప్రాంతాలకు ప్రత్యేక ఉత్తర్వులు ఉంటాయి. అందరికీ తెలియాల్సినది ఢిల్లీది. 1980లో అక్కడ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం బటన్‌తో, స్ప్రింగుతో, మరే యాంత్రిక ఏర్పాటుతోనైనా తెరుచుకునే కత్తుల అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉంటే లైసెన్సు ఉండాలి. 7.62 అంటే సరిగ్గా 3 అంగుళాలు. విశాఖలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీలో దిగేవారు చాలామంది ఉన్నారు. ఇక్కడ ఎవరూ పట్టించుకోని చాకు అక్కడ కేసు కావచ్చు.

మన నగరంలో పోలీసు కమిషనరేట్ ఉంది. ఎన్నికలప్పుడూ ఉద్రిక్తతలు ఉన్నప్పుడూ అక్కడి నుంచి నిషేధాజ్ఞలు వస్తాయి. ఒకప్పుడు 144 సెక్షన్ అనేవాళ్లం. 2024 జులై 1 నుంచి, పాత నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 163వ సెక్షన్ అయింది. ఆ ఆజ్ఞల్లో మారణాయుధాలు పట్టుకు తిరగరాదన్న షరతు తరచుగా ఉంటుంది. పోలింగ్ రోజు సంగతి ఇంకా స్పష్టం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 134బి సెక్షన్ ప్రకారం పోలింగ్ కేంద్రం పరిసరాలకు ఆయుధంతో వెళ్లడమే నేరం. ఓటు వేయడానికి వెళ్లే ముందు జేబు ఖాళీ చేసుకోండి, అది వేలెడంత చాకైనా సరే.

వీటన్నిటినీ కలిపి నేను పెట్టుకున్న గీత ఇది: అలుగు 7 సెంటీమీటర్లు దాటకూడదు, చేత్తో లాగితేనే తెరుచుకోవాలి, చూడగానే పనిముట్టులా కనిపించాలి. ఇది చట్టం చెప్పిన గీత కాదు, ఎక్కడికి వెళ్లినా తలనొప్పి లేకుండా ఉండేందుకు నేను గీసుకున్నది.

గేట్ల ఊరు

విశాఖలో చాకు ఎంచుకునేవారు ముందు తమ రోజువారీ దారిలో ఎన్ని గేట్లు ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి. నౌకాదళం, డాక్‌యార్డు, పోర్టు, స్టీల్‌ప్లాంటు, చమురు శుద్ధి కర్మాగారం, కోర్టులు, మాల్స్: తనిఖీ లేకుండా లోపలికి వెళ్లలేని చోట్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. గేటు దగ్గర చట్టం గురించి వాదించి ప్రయోజనం లేదు. లోపలికి ఏది తేవచ్చో నిర్ణయించేది ఆ ప్రాంగణం వారే.

నా రెండో చాకు పోయింది అలాగే. ఒక పరిశ్రమకు పని మీద వెళ్తే కాపలాదారు దాన్ని తీసుకుని మేకు డబ్బాలో వేశారు. చీటీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి డ్యూటీ మారిపోయింది, డబ్బాలో మేకులే ఉన్నాయి. ఆ రోజు నుంచి గేట్లున్న చోటికి వెళ్లేటప్పుడు చాకు ఇంట్లోనే పెట్టి వెళ్తున్నాను. పోగొట్టుకుంటే బాధపడేంత ఖరీదైనది రోజువారీ జేబుకు వద్దని కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

విమానంలో చేతిసంచిలో చాకు కుదరదు. లగేజీలో వేసి పంపేయాలి. చాలామందికి తెలియనిది కంబాలకొండ. అది వన్యప్రాణి అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనూ ప్రవేశించకూడదు. ఆ చట్టంలో ‘ఆయుధం’ నిర్వచనం చదివితే వలలు, కొక్కేలు, విషంతోపాటు కత్తులు అన్న మాట నేరుగా ఉంది. ఆయుధాల చట్టంలోలాగా ఇంటి పనికి వాడేదన్న మినహాయింపు అక్కడ వెతకకండి. ఆదివారం ఉదయం కొండ నడకకు వెళ్లేవారు పండ్లు ఇంటి దగ్గరే కోసి డబ్బాలో పెట్టుకోవడం మేలు.

ఉప్పుగాలి

సముద్రానికి దూరంగా ఉండేవారు రాసిన సలహాలు మనకు సరిపోకపోవడానికి ఈ ఉప్పుగాలే కారణం. నాకు ఒక మంచి ఫ్రెంచి చాకు ఉండేది. ఓపినెల్ 8వ నంబరు. బీచ్‌చెక్క పిడి, 8.5 సెంటీమీటర్ల కార్బన్ స్టీలు అలుగు. 1890 నుంచి అదే కుటుంబం చేస్తున్న చాకు. దాని పదును చూస్తే ముచ్చటేసేది. ఒక వేసవి సాయంత్రం బీచ్ రోడ్డులో పచ్చి మామిడికాయ కొని, దానితోనే చెక్కలు కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. అలుగును చేతిరుమాలుతో తుడిచి, మడిచి జేబులో వేసుకున్నాను. మర్నాడు తెరిచి చూస్తే అలుగు సగం వరకు నీలం కలిసిన నలుపు రంగుకు తిరిగింది. అది మామిడి పులుపు పని. దానివల్ల నష్టం లేదు, అదొక పొరలా నిలుస్తుంది. నష్టం చేసినవి పిడిలోకి దూరే చోట ఉన్న నాలుగైదు కాషాయరంగు చుక్కలు. గోటితో గీరితే పొడి రాలింది, కింద చిన్న చిన్న గుంటలు మిగిలాయి. ఉప్పు చేసే పని అది. వానాకాలం వచ్చేసరికి చెక్క ఉబ్బి అలుగును పట్టేసింది, ఒకసారి తెరవలేక బల్ల అంచుకు కొట్టాల్సి వచ్చింది.

తప్పు చాకుది కాదు, పొడి వాతావరణంలో అది తరతరాలు ఉంటుంది. సముద్రానికి రెండు మూడు కిలోమీటర్ల లోపు బతికేవారు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుకే వెళ్లాలి. ఉక్కులో క్రోమియం పదిన్నర శాతం దాటితే పైన కంటికి కనపడని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఆ పొరను కూడా ఉప్పులోని క్లోరైడు అక్కడక్కడా తినేస్తుంది. అందుకే స్టెయిన్‌లెస్ అయినా కడగకుండా వదిలేయకూడదు. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మడత దగ్గర ఒక చుక్క నూనె వేస్తే చాలు. పండ్లు కోసే చాకయితే మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడండి. వంటనూనె వేస్తే కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది.

ఇక రకాలు

*చిన్న మడత చాకు.* స్విస్ చాకు అని అందరూ పిలిచేది. వెనుకవైపు ఉన్న ఉక్కు పట్టీ స్ప్రింగులా పనిచేసి అలుగును తెరిచినప్పుడు నిలబెడుతుంది, మూసినప్పుడు లోపలికి లాక్కుంటుంది. తెరిచిన అలుగును బిగించే లాకు ఉండదు. విక్టోరినాక్స్ వారి 58 మిల్లీమీటర్ల క్లాసిక్ ఎస్‌డీలో అలుగు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. చిన్న కత్తెర, గోళ్ల ఆకురాయి, ట్వీజరు, పంటిపుల్ల కూడా ఉంటాయి. తాళాల గుత్తికి తగిలించినా బరువు తెలియదు. 91 మిల్లీమీటర్ల స్పార్టన్‌లో పెద్ద అలుగు దాదాపు 7 సెంటీమీటర్లు. దానితోపాటు చిన్న అలుగు, స్క్రూడ్రైవరు, డబ్బా తెరిచేది, సీసా మూత తీసేది ఉంటాయి. బరువు 60 గ్రాములకు కాస్త అటూ ఇటూ.

నా చేతిలో ఎక్కువ కాలం నిలిచినది ఈ రకమే, ఇప్పటికీ ఉన్నదీ ఇదే. రెండు చేతులతో నెమ్మదిగా తెరవాలి కాబట్టి బస్సులో పక్కవారు ఉలిక్కిపడరు. ఎర్ర పిడి, కత్తెర, స్క్రూడ్రైవరు చూసినవారికి అది పనిముట్టని చెప్పాల్సిన అవసరమే రాదు. ఉక్కు గట్టిదనం మధ్యస్థం, కాబట్టి పదును త్వరగా తగ్గుతుంది. అదే కారణంగా ఇంట్లో సానరాయి మీద పది నిమిషాల్లో తిరిగి వస్తుంది. లోపం చెప్పాలంటే లాకు లేకపోవడమే. మొనతో పొడిచినట్టు నొక్కితే అలుగు వేళ్ల మీదికి మూసుకుంటుంది. అట్టపెట్టె మూలలో మొన గుచ్చి కిందికి లాగేవారు దీన్ని జాగ్రత్తగా వాడాలి. నా చూపుడువేలి మీద ఉన్న గీత అలా వచ్చిందే.

నకిలీలు ఎక్కువ. అసలుదానిలో పెద్ద అలుగు మొదట్లో, పిడికి దగ్గరగా, కంపెనీ పేరూ తయారైన దేశమూ చెక్కి ఉంటాయి. ఆ చెక్కడం మసకగా ఉన్నా, పిడికీ పలకలకూ మధ్య వెలుతురు కనిపించినా కొనకండి.

*లాకు ఉన్న ఒంటిచేతి చాకు.* బొటనవేలితో తెరిస్తే లోపలి పలక అడ్డుపడి అలుగు కదలకుండా నిలుస్తుంది. వేళ్ల భద్రత విషయంలో మడత చాకు కన్నా మేలు. ఎత్తు మీద ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తాడు కోయాల్సినవారికి ఇది నిజంగా అవసరం. కానీ మన ఊళ్లో తక్కువ ధరకు దొరికే వాటిలో చాలావరకు నల్లరంగు పూత, రంపపు పళ్లు, పుర్రె బొమ్మ. ఆ రూపమే వాటికి శత్రువు. పైగా లాకు పలక సందుల్లో ఇసుకా ఉప్పూ చేరితే కడగడం కష్టం. తీసుకోక తప్పని పని ఉంటే సాదా పిడి, 7 సెంటీమీటర్ల లోపు అలుగు, తెరవడానికి సాయపడే స్ప్రింగు లేనిది చూసుకోండి.

*పట్టుకారుతో ఉన్న బహుళ పనిముట్టు.* లెదర్‌మన్ తరహాది. తెరిస్తే ముందు పట్టుకారు, పిడుల్లో చాకు, రంపం, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు. ఎలక్ట్రీషియన్లు, కేబుల్ పనివారు, బండి మీద దూరం తిరిగేవారు కొంటే డబ్బు వృథా కాదు. వేవ్ ప్లస్ అనే రకం బరువు 241 గ్రాములు, అలుగు సుమారు 7.4 సెంటీమీటర్లు. ప్యాంటు జేబులో వేస్తే జేబు కిందికి జారుతుంది. నడుముకు ఒరలో తగిలిస్తే బయటికి కనిపిస్తుంది. బ్యాగులో, పనిముట్ల పెట్టెలో ఉండదగ్గది. ధర కూడా వేలల్లో.

*కట్టర్.* పదుల రూపాయలకు దొరుకుతుంది. చాకుల ప్రేమికులు దీన్ని చిన్నచూపు చూస్తారు, నేను చూడను. జపాన్‌లో తర్వాత ఓల్ఫా సంస్థను స్థాపించినవారు 1956లో చాక్లెట్ పలకను ముక్కలుగా విరిచే తీరు చూసి, అలుగులో మొద్దుబారిన ముక్కను విరిచి పారేసే ఈ ఏర్పాటును తయారుచేశారు. సన్నది 9 మిల్లీమీటర్లు, వెడల్పుది 18 మిల్లీమీటర్లు. పెట్టెలే పని అయితే 18ది తీసుకోండి, 9ది వంగి విరుగుతుంది. తుప్పు పట్టినా బాధ లేదు, ముక్క విరిస్తే కొత్త పదును. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. విరిచిన ముక్కలను నేరుగా చెత్తబుట్టలో వేయకండి. మూత ఉన్న పాత రేకు డబ్బాలో వేసి, నిండాక టేపుతో మూసి, పైన రాసి ఇవ్వండి. ఉదయం మన వీధిలో చెత్త వేరుచేసే చేతులకు సరైన గ్లవుజులు ఉండవు.

*అలుగే లేని ఏర్పాటు.* మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర, గోళ్లు తీసే కట్టర్. రోజుకు మూడు గేట్లు దాటేవారికి ఇంతకు మించినది లేదు. పాల ప్యాకెట్టు, దారం, మందుల అట్ట వరకు సరిపోతుంది.

*కొనకూడనివి.* బటన్ చాకు, రెండు పిడులు తిప్పితే తెరుచుకునేది, రెండువైపులా పదునున్న బాకు, పెన్నులా, ఏటీఎం కార్డులా, బెల్టు బకిల్‌లా వేషం వేసినవి. దాచడానికే తయారైన వస్తువును పనికోసం పెట్టుకున్నానంటే వినేవారు నమ్మరు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అనేది సమాధానం కాదు. అమ్మకం వారి బాధ్యత, జేబు మనది.

| రకం | అలుగు | ఉప్పుగాలికి | చూసేవారికి | వేళ్ల భద్రత | ఎవరికి |
|---|---|---|---|---|---|
| 58 మి.మీ. మడత చాకు | 3.5 సెం.మీ. | బాగా నిలుస్తుంది | బొమ్మలా ఉంటుంది | లాకు లేదు, పనీ చిన్నదే | ఉద్యోగులు, విద్యార్థులు |
| 91 మి.మీ. మడత చాకు | దాదాపు 7 సెం.మీ. | కడిగితే బాగుంటుంది | పనిముట్టు | మొనతో నొక్కకూడదు | ఇల్లు, ప్రయాణం, తోట |
| లాకు చాకు | 7 లోపే చూడాలి | సందుల్లో ఉప్పు | అనుమానం రావచ్చు | మేలు | ఎత్తులో, తాళ్లతో పనిచేసేవారు |
| బహుళ పనిముట్టు | 7.4 సెం.మీ. వరకు | నూనె తప్పనిసరి | పనిముట్టు | మేలు | మరమ్మతు పనివారు |
| కట్టర్ | 9 లేదా 18 మి.మీ. వెడల్పు | ముక్క మార్చుకోవడమే | పనిముట్టు | బిగింపు చూసుకోవాలి | గోదాము, దుకాణం |
| కత్తెర | లేదు | మామూలే | ఏమీ అనరు | మంచిది | గేట్లు దాటేవారు |

మీరు ఎవరైతే ఏది

గోదాములో, కొరియర్ కార్యాలయంలో, కిరాణా దుకాణంలో పనిచేసేవారు కట్టర్‌ను పనిచోటే ఉంచి రండి. రోజూ ఇంటికి మోసుకెళ్లాల్సిన అవసరం లేదు. దారికి 58 మిల్లీమీటర్ల చాకు చాలు. మేనల్లుడికి చెప్పినది ఇదే. “ఒకటే కొంటే సరిపోదా?” అన్నాడు. పెట్టెలకు వాడిన అలుగుకు టేపు జిగురు అంటుకుంటుంది, అట్ట దుమ్ము పదునును తినేస్తుంది. దానితోనే మధ్యాహ్నం జామకాయ కోసుకోవడం బాగోదు. ఆ రెండు కారణాలకే రెండు కొన్నాడు. రెండోదాని ధర వెయ్యి దాటింది, అయినా తాళంచెవి మళ్లీ చేయించుకోవాల్సిన పని తప్పింది.

చేపలరేవుకు వెళ్లి గాలం వేసేవారి సంగతి వేరు. తంగూసు తీగ కోయాలి, ఎర కోయాలి, చేతులు తడిగా ఉంటాయి. ఇక్కడ నేను మడత చాకును కూడా సూచించను. సన్నని స్టెయిన్‌లెస్ అలుగున్న మామూలు పండ్ల చాకు, దానికి ప్లాస్టిక్ ఒర, గాలం సామాన్ల పెట్టెలో. పెట్టెలో గాలం, ఎర, చాకు కలిసి ఉంటే దాని పని ఏమిటో ఆ పెట్టే చెప్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి. మర్నాడు కడుగుదామనుకుంటే చుక్కలు పడతాయి.

హాస్టల్‌లో ఉండే విద్యార్థులు ముందు హాస్టల్ నియమాలు చదవండి. చాలా చోట్ల చాకు కనిపిస్తే జప్తు చేస్తారు, ఇంటికి ఫోన్ చేస్తారు. కత్తెరతో సరిపెట్టుకోవడం మంచిది. పండ్లు కోసుకోవాలంటే మెస్సులో అడగండి.

అరకు వైపు రైల్లోనో బండి మీదో వెళ్లే కుటుంబాలకు 91 మిల్లీమీటర్లది చక్కగా పనికొస్తుంది. దారిలో సీతాఫలం కొన్నా, అనాస కొన్నా ఆధారపడే చాకు ఇది. పెద్ద అనాసకు 7 సెంటీమీటర్ల అలుగు చిన్నదే. చుట్టూ గాటు పెట్టి తిప్పుతూ కోయాలి, ఒక్క దెబ్బకు తెగాలనుకోకండి. పనసకాయ జోలికి మాత్రం వెళ్లవద్దు. ఆ జిగురు మడతలోకి పోతే నూనెతో తప్ప వదలదు.

పెద్దవయసువారికీ కీళ్లనొప్పులున్నవారికీ మడత చాకు గోరుగాటు ఇబ్బంది పెడుతుంది. అలుగును గోటితో లాగాలంటే గోరు విరుగుతుంది. మా అమ్మ కట్టర్ వాడుతుంది, బొటనవేలితో తోస్తే చాలు కాబట్టి. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే కట్టర్ చివర లోపలికి తోసి, బిగించి, పైఅరలో పెట్టండి.

పోలీసులు ఆపి అడిగితే చేయి జేబులోకి పెట్టకండి. ముందే “జేబులో చిన్న మడత చాకు ఉంది, పెట్టెలు విప్పడానికి” అని చెప్పి, వారు తీయమంటేనే మూసి ఉన్నట్టుగానే ఇవ్వండి. పనిచోటి గుర్తింపు కార్డు దగ్గర ఉంటే ఆ మాటకు బలం. గొడవపడి, తాగి, అర్ధరాత్రి రోడ్డు మీద ఉన్నప్పుడు ఏ కొలతా ఎవరినీ కాపాడదు.

దుకాణంలో

జేబులో ఆరు అంగుళాల స్కేలు తీసుకెళ్లండి. పెట్టె మీద రాసిన కొలత చాలాసార్లు మూసిన పిడి పొడవు, అలుగుది కాదు. పిడి చివర నుంచి మొన వరకు మీరే కొలవండి. అలుగును తెరిచి పక్కలకు ఊపి చూడండి, కదలకూడదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వాదర (కోసే అంచు) మీద మెరుపు గీత కనిపిస్తుందేమో చూడండి. మెరిస్తే అక్కడ పదును లేదు. సైకిలు మీద సాన పట్టేవారికి చిన్న చాకు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. పెద్ద చక్రం వేడికి సన్నని అలుగు నీలం రంగుకు తిరిగితే ఉక్కు మెత్తబడి, ఇక పదును నిలవదు. అదే దుకాణంలో చిన్న సానరాయి కూడా కొనుక్కోండి. చివరగా అలుగును నెమ్మదిగా మూయండి. మడత చాకయితే సగం దాటాక వెనుక పట్టీ దాన్ని తనంతట తానే లోపలికి లాక్కుని ‘టక్’మని శబ్దం చేయాలి. మెత్తగా జారి పడిపోతే ఆ చాకును గల్లా మీద పెట్టి ఇంకొకటి అడగండి.